పాడైపోయిన ఫోటో

మా అమ్మాయి వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసిందంటే చాలు, చేతిలో కుంచె అక్కడే పెట్టేసి నేను నర్సీపట్నం వెళ్ళిపోతాను. మా నాన్న స్టూడియోలో చీకటి గది, ఎర్ర బల్బు, ట్రేలలో ఫోటోలు కడిగే మందునీళ్ళు, ఆ పుల్లటి వాసన, తెల్ల కాగితం మీద ముందు కనుబొమలు, ఆ తర్వాత కళ్ళు మెల్లగా తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూసే నేను. అబ్బ, ఆ సంబరం ఇప్పటికీ తగ్గలేదు!

డెబ్భైల్లో మావైపు ఒక పద్ధతి ఉండేది. ఒక్క ఫోటో అయినా లేకుండా చనిపోయిన పెద్దల రూపం కావాలంటే, వాళ్ళ పోలిక వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ఫోటో తీసి, దాని మీద రంగులతో పోయినవాళ్ళను దిద్దేవారు. నాన్న ఊళ్ళోవాళ్ళకి తాతల్నీ ముత్తాతల్నీ అలాగే చేసిచ్చాడు. సొంత తల్లి అడిగినప్పుడే చిక్కొచ్చి పడింది. నాయనమ్మ కళ్ళకు పొర కమ్ముతోంది. చూపు పోయేలోగా, కొయ్యూరులో చిన్నప్పుడే పోగొట్టుకున్న వాళ్ళమ్మ ముఖం ఒక్కసారి చూసుకోవాలని ఆవిడ కోరిక.

ఆ క్రిస్మస్‌కి చుట్టాలందరూ దిగారు. గొలుగొండ కొత్త బెల్లం పాకం, గులాబీ పువ్వుల పిండివంట వేగుతున్న నూనె వాసన, కొరికే చలి, వీటి మధ్య ఆ తల్లి పోలిక ఎవరికొచ్చిందని ఒకటే రగడ. చివరికి చిన్నత్తని కూర్చోబెట్టారు. నాన్న అన్నం కూడా మరిచిపోయి దిద్దిన బొమ్మని నాయనమ్మ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"మనిషి బాగుంది నాయినా. మాయమ్మ కాదు" అంది. నాన్న ముఖం చూడలేకపోయాం.

తర్వాత నా వంతు. నాయనమ్మ తెల్లచీర నాకు చుట్టి, పౌడరు అద్ది, లైట్ల కింద కూర్చోబెట్టారు. పోయినవాళ్ళ ఫోటోలో నవ్వకూడదు కదా, "నవ్వేవంటే సంపేస్తాను" అన్నాడు నాన్న. ఆయన తల వెనక చిన్నత్త రెండు వేళ్ళతో కొమ్ములు పెట్టింది. నేను పగలబడి నవ్వడం, కెమెరా క్లిక్కుమనడం ఒక్కసారే జరిగాయి.

"ఫిలిం పాడు సేసేసేవు గదే!"

అయినా నా పోరు పడలేక దాన్నీ కడిగి తాడు మీద ఆరేశాడు. అన్నానికి పిలవడానికొచ్చిన నాయనమ్మ దాని ముందు ఆగిపోయింది. దాదాపు ముఖం ఆనించి చూసింది.

"ఓలమ్మ! మాయమ్మే! నవ్వితే ఇలాగే కళ్ళు మూసుకుపోయేవిరా."

"అది పాడైపోయిందమ్మా" అన్నాడు నాన్న.

"నోర్ముయ్యిరా. బేగి రంగులేసియ్యి."

అందరూ ఏడుస్తూ నవ్వారు. నేనైతే గంతులేశాను. నేనెన్నడూ చూడని మనిషి నా నవ్వులో ఉందట! బొమ్మలు వేస్తే మనుషుల బొమ్మలే వేయాలని ఆరోజే అనుకున్నాను.

ఇప్పుడా స్టూడియో లేదు, మందునీళ్ళు లేవు, ఆ తాడూ లేదు. బొమ్మ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళని మాత్రం పాడైపోయిన ఫోటోలే తెమ్మంటాను. భార్యను పోగొట్టుకున్న ఒకాయన మొన్న ఫోన్ నిండా ఆవిడ కూతురి పక్కన బిగుసుకుని నిలబడ్డ ఫోటోలే తెచ్చాడు.

"ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయినవి లేవా?"

"అవన్నీ బాగోలేవని అప్పటికప్పుడే డిలీట్ చేసేసేదండీ."

ఫోన్ ఆయనకి తిరిగి ఇచ్చేశాను.

"పోనీ, మీ అమ్మాయిని తీసుకురండి" అన్నాను. "నవ్వించే పూచీ నాది."