బావ మీద నూరిన కత్తి

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నెత్తళ్లు పట్టుకొచ్చి సొరచేపలని చెప్పుకునే నోరు నాది. కాబట్టి ఇందులో సగం కోసేసి చదువుకోండి. పగను మాత్రం కోయకండి, అది సరైన తూకమే.

పులికాట్ ఒడ్డున మా ఇంటి పక్కనే ఉండే ఆయన నాకు వరసకు బావ. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఒకరోజు నా కొత్త పీతల వల నీళ్లలోంచి పీలికలై వచ్చింది. పడవ ఇంజన్ ఫ్యాను కోసిన కోత అది. ఆ వల మీదే మా పొయ్యి వెలగాలి. బావ పడవ దాని మీదుగా పోవడం, బావ వెనక్కి తిరిగి ఇకిలించడం నేను చూశాను. ముప్పై రెండు పళ్లూ లెక్కపెట్టాను.

మూడు రోజులు కత్తి నూరాను. అంచు మీద వాలిన ఈగ రెండు ఈగలై ఎగిరిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే బావ వల ఆరేసిన చోటికి వెళ్లాను. కోయదలచింది ఆయన పీక కాదు, ఆయన వల. నా నూరుడు చప్పుడు ఎక్కడో ఉన్న వెంకటాచలం ఊరి దాకా వినపడింది, పక్కింటికి వినపడదా? బావ తాటిచెట్టంత తెడ్డు పట్టుకుని వలకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“ఏంది బావా, పొద్దన్నే కత్తితో వచ్చినావు?” అన్నాడు.

“ఆత్మరక్షణకి.”

“అట్లయితే మీ ఇంట్లో పెట్టుకోవాల. నా వల కాడికి ఎందుకు తెచ్చినావు?”

“నువ్వు తెడ్డెందుకు పట్టినావు? ఇసకలో పడవ నడిపేదానికా?” అన్నాను.

“ఒక్క అడుగు ముందుకెయ్. ఎందుకో చెప్తా.”

వేశాను. తెడ్డు లేచి నా నెత్తికి జానెడు ఎత్తున ఆగింది. అప్పుడు నా వెనక నుంచి నా భార్య, బియ్యం కడగమన్నంత మామూలుగా, ఒక మాట అంది.

“దురాయి.”

మా పల్లెల్లో అది ఊరి పేరున పెట్టే ఆన. ఎవరి నోట వచ్చినా గొడవ అక్కడే ఆగాలి, చేతిలోది కింద పెట్టాలి. పెద్దలు కూర్చునేదాకా ఆ సంగతి ఎత్తకూడదు. దాటినవాడితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు. నేను కత్తి కింద పెట్టాను. తెడ్డు దిగింది. నీళ్లలో చేపలు కూడా ఎగరడం మానేశాయి.

మధ్యాహ్నం పెద్దలు కూర్చున్నారు.

“కళ్లతో చూసినావా?” అని నన్ను అడిగారు.

“చూసినాను.”

“నేను ఆ దారిన పోనేలేదు” అన్నాడు బావ.

“పోకపోతే ఆ ముప్పై రెండు పళ్లు ఎవరివి బావా?” అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో తీర్పు నావైపు ఒరిగింది.

బావ మా గుమ్మం ముందు కూర్చుని నా వలను తన చేత్తో బాగుచేయాలి. అది అయ్యేదాకా తన వల నీళ్లలో వేయకూడదు. ఆ తర్వాత ఈ మాట ఇంకెవరూ ఎత్తకూడదని మళ్లీ దురాయి పెట్టారు.

నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. “ఆ ముడి వదులుగా ఉంది బావా” అంటే విప్పి మళ్లీ వేసేవాడు. వదులుగా లేదు. నా భార్య ఆయనకు టీ ఇస్తుంటే చక్కెర తగ్గించమన్నాను. శ్రీహరికోటలో రాకెట్ లేచి ఊరంతా ఆకాశం చూస్తున్నప్పుడు ఆయనా తలెత్తబోయాడు.

“నువ్వు ముడి చూడు బావా” అన్నాను.

పది రోజుల పనిని పద్దెనిమిది రోజులు చేయించాను. అంత తీపి నేను ఏ పండగ పాయసంలోనూ తినలేదు.

ఇక కోసేయాల్సిన సగం. ఈగ సంగతి మీకే తెలుసు. తెడ్డు మామూలు తెడ్డే. నిజంగా నేను కల్పించింది మాత్రం పళ్లతో సహా ఆ పడవను. వల తెగిన పొద్దు నేను ఇంట్లో నిద్రపోతున్నాను, ఎవరు పోయారో చూడలేదు. బావకు చెబుదామంటే దురాయి అడ్డం. అది లేకపోతే చెప్పేవాణ్ణని మాత్రం అనుకోకండి.