ఇస్త్రీ చొక్కాలో పరుగు

ఇదివరకు పొద్దున్న ఐదున్నర అంటే వసుమతి ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కే వేళ. భర్త రామమోహన్ రావు గారికి చొక్కా మీద ఒక్క ముడత కనిపిస్తే ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాదు. ఆదివారంనాడే వారానికి సరిపడా చేసి పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, "హేంగరుకి వేలాడిన చొక్కా చల్లారిన కాఫీ లాంటిదండీ" అనేవాడాయన. అంచేత ఏ రోజు చొక్కా ఆ రోజే, వేడివేడిగా. టెక్సాసులోని ఇర్వింగ్‌లో రోడ్డు మీద తారు కరిగే జులై నెలలో కూడా అంతే.

ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడూ ఐదున్నరకి ఇస్త్రీపెట్టె వేడెక్కుతూనే ఉంది. చొక్కా కూడా ఆయనదే. కాకపోతే కాలరు, చేతులు, జేబు అన్నీ తీరుగా రుద్ది, ఆ చొక్కా వసుమతే తొడుక్కుంటుంది. సల్వారు మీదికి దించుకుని, మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకుని, బూట్ల లేసులు రెండేసి ముళ్ళు వేసి, వీధిలోకి పరుగెత్తుతుంది.

పరుగెత్తేవాళ్ళు ఆ రోజుల్లో తక్కువేం కాదు. అమెరికా అంతా పరుగుల పిచ్చి పట్టి ఉంది. కానీ వాళ్ళంతా నిక్కర్లూ బనీన్లూ వేసుకునేవాళ్ళు. నిండు చేతుల ఇస్త్రీ చొక్కాలో, ముడి చుట్టుకుని, యాభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి పరుగెత్తడం ఆ వీధి ఎరగదు. పక్కింటి డోరతీ మొదటిరోజు కిటికీలోంచి చూసి, పాపం ఈవిడకి ఏదో ఉద్యోగం దొరికింది, మొదటిరోజే ఆలస్యమైపోయింది అనుకుంది.

అసలు ఈ పరుగంతా గిన్నెల వల్ల వచ్చింది.

రామమోహన్ రావు గారు పోయినప్పుడు చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా పరామర్శకి వచ్చారు. కర్మలు ముగిశాక కూడా రావడం మానలేదు. వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో రాలేదు. ఒకరు ముద్దపప్పు, ఒకరు గుత్తివంకాయ, నాలుగు వీధుల అవతల ఉండే గోపాల్ గారి భార్య ఉష అయితే ఏకంగా బేసినెడు పులిహోర. వసుమతి ఒక్కతీ ఎంత తింటుంది? పారేద్దామంటే అన్నం పారేసిన చెయ్యి కాదది. సరే, తిన్నది. తిన్నాక గిన్నె తిరిగి ఇవ్వాలి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం వసుమతి పుట్టింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు. అందుకని అందులో ఏ బొబ్బట్లో గారెలో చేసి పెట్టి పంపేది. ఒక్కళ్ళకి వండటం చేతకాదు గనక మిగిలినవి తనే తినేది. పుచ్చుకున్నవాళ్ళూ తెలుగువాళ్ళే. వాళ్ళు మాత్రం ఖాళీ గిన్నె ఎలా ఉంచుకుంటారు? మళ్ళీ నింపి పంపేవాళ్ళు.

దుఃఖంలో మనిషి చిక్కిపోతుందంటారు. వసుమతి దుఃఖంలో జాకెట్ల కుట్లు రెండుసార్లు విప్పుకుంది.

డాక్టరు రక్తం చూసి, తూకం చూసి, రోజూ ఏం తింటున్నారని అడిగాడు.

"నేనేం తింటానండీ, వాళ్ళు పెట్టిందే" అంది వసుమతి.

ఆయనకి అర్థం కాలేదు. నడవమని మాత్రం చెప్పాడు.

వసుమతికి కారు నడపడం రాదు. ఇర్వింగ్‌లో కారు నడపడం రానివాళ్ళు చిన్నపిల్లలూ, కుక్కలూ, ఆవిడా. అందుకని నడకకి ఒక పని ఉంటే బాగుంటుందని, గిన్నెలన్నీ కాలినడకన తిరిగి ఇచ్చి రావడం మొదలుపెట్టింది. పిండివంటలు మోయలేక, ఒక ఉపాయం కూడా ఆలోచించింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదన్నారు గానీ ఎంత ఉండాలో ఎవరూ చెప్పలేదు కదా. గిన్నెలో చిటికెడు పంచదార వేసి ఇచ్చేది. పుచ్చుకున్నవాళ్ళు ఆ పంచదార వంక చూసి, వదినగారికి ఇక ఓపిక లేదు కాబోలు అనుకుని మెల్లిగా తగ్గారు. నడక వల్ల కొంతా, పంచదార వల్ల కొంతా, విప్పిన కుట్లు మళ్ళీ వేసుకోవలసి వచ్చింది.

అలా ఒక వసంతకాలపు సాయంత్రం ఉషగారి బేసిను పట్టుకుని బయల్దేరితే, సగం దారిలో ఆకాశం ఆకుపచ్చగా మారి వడగళ్ళు పడ్డాయి. టెక్సాసు వడగళ్ళంటే నిమ్మకాయలే. వసుమతి బేసిను నెత్తిన బోర్లించుకుని పరుగు తీసింది. నెత్తి మీద టంగుటంగుమని మోత. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ అంత వేగంగా ఎక్కడికీ వెళ్ళలేదు. ఇల్లు చేరి, తలుపు వేసుకుని, రొప్పుతూ నిలబడ్డాక తెలిసింది ఒక సంగతి. ఆ పరుగెత్తిన కాసేపూ ఆవిడకి ఆయన గుర్తు రాలేదు. అందుకు కొంచెం సిగ్గేసింది. మర్నాడు ఆయన చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని, వడగళ్ళు లేకుండానే పరుగెత్తింది.

పరుగుకి అడ్డం వచ్చింది కాళ్ళు కావు, తెలుగువాళ్ళు. ఇర్వింగ్‌లో తెలుగు మనిషి రోడ్డు పక్కన పరుగెత్తుతోందంటే కారు పాడైనట్టు లెక్క. కనిపించిన ప్రతివాళ్ళూ ఆపేవాళ్ళు. అందరికన్నా గోపాల్ గారు ఎక్కువ.

"వదినగారూ, ఎక్కండి, దింపేస్తాను."

"వద్దండీ, పరుగెత్తుతున్నాను."

"అయ్యో, నేనుండగా మీరు పరుగెత్తడం ఏమిటండీ?"

ఒకసారి వద్దంటే మర్యాద, రెండోసారి వద్దంటే మొహమాటం, మూడోసారి ఎక్కకపోతే పొగరు. వసుమతి మూడోసారికి ఎక్కేసేది. అక్కడినుంచి వాళ్ళింటికి, కాఫీకి, మైసూరుపాక్‌కి.

క్రిస్మస్ సెలవులకి కూతురు నళిని వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్ నుంచి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఏడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. తెల్లవారుజామున ఇస్త్రీ చప్పుడుకి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మా, నాన్న షర్ట్ ఎందుకు ఐరన్ చేస్తున్నావ్?"

"వేసుకోవడానికి."

"ఎవరు?"

"నేనే. ఇంకెవరున్నారే?"

నళిని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. తల్లి ఆ చొక్కా తొడుక్కుని పరుగుకి వెళ్ళడం చూసింది. కాసేపటికి గోపాల్ గారి కార్లోంచి స్వీట్ల డబ్బాతో దిగడమూ చూసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేసింది.

"నువ్వు నా దగ్గరికి వచ్చేయ్. ఇల్లు సేల్‌కి పెడదాం. ఏజెంట్‌తో మాట్లాడాను."

"నేనేం చేశానే?"

"డ్రైవింగ్ రాదు. చనిపోయినవాళ్ళ షర్ట్ రోజూ ఐరన్ చేస్తావ్. గోపాల్ అంకుల్‌కి నో చెప్పడం కూడా రాదు. అలోన్ ఎలా ఉంటావ్ అమ్మా?"

"నీ దగ్గరకొస్తే నీ కారులో వెనకసీట్లో కూర్చోవాలి. ఇక్కడైతే నా దారులు నాకు తెలుసు."

"ఏం దారులు? నాలుగు స్ట్రీట్స్ వెళ్ళి కార్లో వస్తావ్."

ఆ మాట తగిలింది. వసుమతి లేచి వెళ్ళి, డోరతీ ఇచ్చిన రంగు కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏప్రిల్‌లో దగ్గర్లోని చర్చివాళ్ళు పెట్టే పది కిలోమీటర్ల పరుగు తాలూకు ప్రకటన అది, అంటే ఆరు మైళ్ళ పైమాటే.

"ఇది మొత్తం పరుగెత్తుతాను. ఎవరి కారూ ఎక్కను. ఎక్కానా, నీ వెంట వస్తాను. ఎక్కకపోతే మళ్ళీ ఇల్లమ్మే మాట ఎత్తకూడదు."

నళిని కాగితం చూసింది, తల్లిని చూసింది. "డీల్" అంది. పూర్తి చేస్తుందని కాదు, ఏప్రిల్ దాకా గొడవ ఉండదని.

ఏప్రిల్ వచ్చింది, నళినీ వచ్చింది. పరుగు రోజు చొక్కాకి నంబరు కాగితం పిన్నులతో గుచ్చుకోమన్నారు. మంచి చొక్కాకి చిల్లు పెట్టడం ఇష్టం లేక, పిన్నుల్ని బొత్తాం కాజాల్లోంచి దూర్చి తగిలించుకుంది. నంబరు కొంచెం ఏటవాలుగా వేలాడింది.

మొదటి మైలు బాగానే ఉంది. అందరూ ఆవిణ్ణి దాటిపోయారు, అంతే. దారిలో బల్లలు వేసి కాగితం గ్లాసులతో నీళ్ళిస్తున్నారు. గ్లాసు పుచ్చుకుని, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది వసుమతి, పరుగెత్తుతూనే. గుక్కెడు నోట్లో పడింది, మిగతాదంతా రామమోహన్ రావు గారి కాలరు మీద పడింది. అందరూ గ్లాసులు రోడ్డు మీదే విసిరి పోతున్నారు. ఎవరి వాకిలో ఏమో, ఈవిడకి మనసొప్పలేదు. మడిచి జేబులో పెట్టుకుంది. ప్రతి బల్ల దగ్గరా అంతే. నాలుగో మైలుకి జేబు కోడిపెట్ట పొట్టలా ఉబ్బింది, ఇస్త్రీ మొత్తం పోయింది, ఎడమ పిక్క పట్టేసింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. ముందూ లేరు.

అక్కడ పరుగు ముగిసేచోట జనం ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. బల్లలు మడిచేస్తున్నారు. నళిని వాచీ చూడటం మానేసి రోడ్డు వంకే చూస్తోంది. వాళ్ళ నాన్న కూడా ఇలాగే ఒకరోజు రావలసిన వేళకి ఇంటికి రాలేదు. పందెం సంగతి ఆ పిల్ల ఎప్పుడో మర్చిపోయింది. చప్పట్లు కొట్టడానికని వచ్చిన గోపాల్, ఉషల దగ్గరికి పరుగున వెళ్ళి, "అంకుల్, కార్ తీయండి ప్లీజ్" అంది.

చివరి మైలుకి కాస్త ముందు, గోపాల్ గారి కారు లైట్లు మిణుకుమిణుకుమంటూ వసుమతి పక్కకి వచ్చింది. ఆయన అద్దం దించాడు.

"వదినగారూ, ఎక్కండి."

"వద్దండీ."

"మొహమాటపడకండి."

"మొహమాటం కాదండీ."

"అదేనండీ మొహమాటమంటే."

"ఏసీ వేసే ఉంచాం అక్కయ్యగారూ" అంది ఉష పక్కసీట్లోంచి.

మూడోసారి వచ్చేసింది. వసుమతి ఆగలేదు గానీ ఆయన వంక తిరిగింది.

"గోపాల్ గారూ, నేనెక్కను. మీరు మంచివారు. రేపడిగినా ఎక్కను, ఎల్లుండడిగినా ఎక్కను. పులిహోర పెట్టినా ఎక్కను."

 గోపాల్ గారు, "అలాగేనండీ" అని అద్దం పైకెత్తేశాడు.

వెనక తలుపు తెరుచుకుంది. నళిని సగం బయటికి వంగింది.

"అమ్మా, బెట్ వద్దు. ఇల్లు నీదే, ఏం అమ్మను. నేను అడుగుతున్నా, ఎక్కు."

ఆ మొహం వసుమతికి తెలుసు. ఆసుపత్రి వరండాలో చూసిన మొహం. గోపాల్ గారికి కాదనడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చెయ్యి తలుపు దాకా వెళ్ళింది కూడా. కానీ ఇప్పుడెక్కితే ఇల్లు దక్కుతుంది గానీ, ఈ పిల్లకి ఈ భయం జన్మంతా పోదు.

"నాకేం కాదే. చూడు, మాట్లాడుతూనే పరుగెత్తుతున్నా."

 నళిని కారు దిగి, ఎత్తుమడమల చెప్పులతోనే పక్కన నడక మొదలుపెట్టింది. కాసేపటికి ఒక సందేహం వచ్చింది.

"అమ్మా, నేను నడుస్తున్నా. నువ్వు నా పక్కనే ఉన్నావ్. ఇది రన్నింగా?"

"రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతున్నాయా లేదా, చూసి చెప్పు."

నళిని నడుస్తూనే వంగి చూసింది. "కొంచెం."

"అయితే పరుగే."

అలా తల్లి పరుగెత్తుతూ, కూతురు నడుస్తూ, వెనక గోపాల్ గారి కారు లైట్లు వెలిగించుకుంటూ, ముగ్గురూ ఒకే వేగంతో గీత దాటారు. బల్ల సర్దుకుంటున్న పెద్దాయన ఆ లైట్లు చూసి ఇదెవరో ముఖ్యమైన మనిషనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వసుమతి జేబులోంచి గ్లాసులన్నీ తీసి, ఆయన చెత్తబుట్టలో వేసింది.  వారం తిరక్కుండానే గోపాల్ గారు, వదినగారి పరుగుకి దారంతా తనే ముందుండి నడిపించానని అందరితో చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమే నళిని ఏజెంటుకి ఫోన్ చేసి, ఇల్లు అమ్మడం లేదని చెప్పేసింది. మర్నాడు తెల్లవారుజామున ఎందుకో మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఏ చప్పుడు లేదో తెలియడానికి కాస్త సమయం పట్టింది. లేచి వచ్చి చూస్తే, ఇస్త్రీబల్ల గోడకి చేరవేసి ఉంది. గుమ్మం మెట్టు మీద వసుమతి కూర్చుని లేసులు కట్టుకుంటోంది. ఒంటి మీద రాత్రి ఉతికి ఆరేసిన చొక్కా, కాలరు ఒకవైపు మడత పడిపోయి, వెనకంతా నలిగిపోయి.

"అమ్మా, షర్ట్ ఐరన్ చేయలేదు."

"లేదు."

"నేను చేసి ఇవ్వనా? టూ మినిట్స్."

"వద్దు."

నళిని రెండోసారి అడగబోయి, ఊరుకుంది. వసుమతి లేచి, మెట్లు దిగి, వీధి మలుపు దాకా ముడతల చొక్కాతో కనిపించి, మలుపు తిరిగింది. ఇస్త్రీబల్ల పక్కన బుట్టలో ఆయన మిగతా చొక్కాలు, ఉతికినవి ఉతికినట్టే, ముద్దగా పడి ఉన్నాయి.