అరవై ఒకటో పేజీ

చూపులేని చరిత్ర మాస్టారికి ఇరవై రెండేళ్లుగా పాఠ్యపుస్తకం చదివి వినిపించింది ఆయన భార్యే. "ఎనభై నాలుగో పేజీ తియ్యి" అంటే చాలు, వేలు తడి చేసుకుని ఇట్టే తీసేది. ఈమధ్య ఆ పుస్తకం ఆయన ఫోనులోకి వచ్చింది. అచ్చుపుస్తకంలోని పేజీ నంబర్లే అందులోనూ పెట్టారు. నంబరు చెబితే ఆ పేజీకే వెళ్లి, ఓ ఆడగొంతు గడగడా చదివేస్తుంది. ఆయన దానికి చెవి అప్పగించి తనలో తాను నవ్వుకుంటుంటే ఆవిడకి ఒళ్లు మండేది. కూరలు తరుగుతూనే, అచ్చుపుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని, ఎక్కడ తప్పుతుందా అని ప్రతి నంబరూ సరిచూసేది.

నాలుగో రోజు దొరికింది. "అరవై నుంచి అరవై రెండుకి దూకేసింది మీ మహాతల్లి," అంది, సంతోషం దాచుకోకుండా. "మధ్యలో పేజీ నిండా బొమ్మ ఉంది. అదెవరు చెబుతారు?" "నువ్వు చెప్పు," అన్నారాయన. ఆవిడ చేతులు తుడుచుకుని కూర్చుని, బొమ్మలోని ఓడరేవునీ, మెట్ల మీది జనాన్నీ, మూటమీద నిద్రపోతున్న పిల్లనీ తీరిగ్గా చెప్పింది. ఆయన అడిగినకొద్దీ ఇంకా చెప్పింది. ఆ మాటలన్నీ ఆయన పుస్తకం తయారుచేసినవాళ్లకి రాసి పంపారు. నెల తిరక్కుండా సరిచేసిన పుస్తకం వచ్చింది. ఫోను "పేజీ అరవై ఒకటి" అని, ఆవిడ మాటల్నే పొల్లుపోకుండా చదివింది. "విన్నావా?" అన్నారు మాస్టారు మురిసిపోతూ. "నేనింత గబగబా చెప్పలేదు," అందావిడ. "దాన్ని ఆపండి. మళ్లీ చెబుతాను."