భిక్షం చేను మీద ఎరుపు

రావల్కోల్ ఊళ్లో భిక్షానికి కాగితమంటే వణుకు. పదమూడేళ్లు పటేలు దగ్గర జీతమున్న మనిషి. వేలిముద్ర వేసిన ప్రతి కాగితమూ చివరికి తన మెడకే చుట్టుకోవడం కళ్లారా చూశాడు. సర్కారు ఇచ్చిన ఎకరంన్నర లావణి పట్టా ఒక్కటే అతనికి మేలు చేసిన కాగితం. గుట్ట పక్కన ఆ ఎకరంన్నరే అతని బతుకు. అది పోతే మళ్లీ పటేలు వాకిలి ఊడ్వాల్సిందే.

తొంభై ఎనిమిది చలికాలంలో కరెంటు మోటారు పని మీద మేడ్చల్ మండలాఫీసుకు పోయాడు. గుమాస్తా బల్ల మీద రంగురంగుల పటం ఒకటి పరిచి ఉంది.

"గిదేంది సారూ?"

"పైన తిరిగే ఉపగ్రహం తీసిన ఫొటో. ఇరవై నాలుగు దినాలకోసారి మన నెత్తి మీదికెళ్లి పోతది. వచ్చే నెల మనుషులొచ్చి సర్కారు ఇచ్చిన భూములన్నీ తనిఖీ జేస్తరు."

"మరి నా చేను యాడుంది?"

గుమాస్తా గుట్ట పక్కనున్న ఎర్రటి మచ్చ మీద పెన్సిలు పెట్టి చూపించి, డబ్బా తీసుకుని అన్నానికి లేచాడు. ఆ ఎరుపంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పి లేస్తే అతని అన్నం చల్లారిపోయేదా?

భిక్షం పటం మీదికి వంగి ఆ మచ్చనే చూశాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సర్కారోళ్లు ఎర్ర రంగు పూసిన గోడ ఒక్కటీ నిలబడలేదు. ఇప్పుడు ఆ ఎరుపు తన చేను మీద పడింది. పక్కనే ఉన్న ఐలమ్మ బీడు మాత్రం తెల్లగా, ఏ మచ్చా లేకుండా ఉంది.

ఇంటికొచ్చి పెళ్లానికి చెప్పాడు. "పంట ఉన్నకాడనే ఎరుపు ఏసిండ్రు. బీడుకు ఎయ్యలే. పైన ఫొటో తీసేది మళ్ల వచ్చేలోపు పంట లేకుంటే ఎరుపు పోతది."

"పూత మీదున్న టమాటనయ్యా," అంది బాలనర్సమ్మ.

"భూమి ఉంటే మళ్ల ఏసుకోవచ్చు."

నవ్వొస్తే నవ్వుకోండి గానీ, భయపడ్డ మనిషి లెక్క అతనికి ఎప్పుడూ సరిగ్గానే తోస్తుంది. మొగుడూ పెళ్లాం రెండు రోజులు వంగి మొక్కలన్నీ పీకారు. హకీంపేట మిలిటరీ విమానాలు అతను పుట్టినప్పటి నుంచీ నెత్తి మీద తిరుగుతున్నవే, ఏనాడూ తలెత్తి చూసినవాడు కాదు. ఇప్పుడు అవీ ఫొటో తీస్తాయేమోనని ఒక్కో మోతకూ చాళ్లలో కూలబడిపోయేవాడు. పూతా పిందెలతో ఉన్న మొక్కలను గట్టున కుప్ప పోస్తుంటే బాలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తరువాత ఇరవై రోజులు భిక్షానికి ముద్ద దిగలేదు.

తనిఖీ జీపు వచ్చింది. కళ్లద్దాల ఉద్యోగి ఒకాయన ఫొటో విప్పి, చేనునూ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎవరిదిది?"

"నాదే సారూ. సూడుండ్రి, ఏం లేదు. మొత్తం తీసేసిన." ఆ మాటలో కాస్త ధీమా కూడా ఉంది.

"తీసేశావా? ఎందుకు?"

"ఎర్రగ వడ్డది గద సారూ."

ఆయన ఫొటోను అతని ముందు పెట్టాడు. "ఈ ఫొటోలో ఎర్రగా ఉందంటే పైరు పచ్చగా ఉన్నట్టు, పెద్దాయనా. పంటలన్నీ దీంట్లో ఎర్రగానే కనిపిస్తాయి. మేం వెతికేది బీళ్లను. పట్టా తీసుకుని సాగు చేయకుండా వదిలేసినవాటిని సర్కారు వెనక్కి తీసుకుంటుంది."

భిక్షం ఆ ఎర్ర మచ్చ మీద వేలు పెట్టాడు. "మొన్నటిదాక ఉండె సారూ. నా చేతులతోనే పీకిన. గా ఫొటోల ఉన్నది గద."

"ఉంది. కానీ అది పాతది. ఇవాళ కళ్లతో చూసిందే రాయమన్నారు మమ్మల్ని."

కాగితం మీద కలం కదిలింది.

"ఏం రాసిన్రు సారూ?"

"పంట లేదు అని."

జీపు ఐలమ్మ బీడు వైపు కదిలింది. భిక్షం గట్టు మీదికి ఉరికి, కుప్పలోంచి ఎండిన మొక్కలు చేతినిండా లాక్కొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో మట్టి తవ్వి ఒకటి నాటాడు. అది పక్కకు వాలిపోతే మట్టి ఎగదోసి నిలబెట్టాడు. జీపు తిరిగి వచ్చేలోపు ఒక్క చాలైనా పూర్తి చేయాలని రెండోది అందుకున్నాడు.