స్వరం చివర గరగర

రాజోలు దగ్గర ఒక చర్చిలో షైనీ కీబోర్డు వాయిస్తుంది. ఆమె మావగారు ప్రకాశరావు చాలా ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించి మానేసిన మనిషి. భర్త జయప్రకాష్ కువైట్‌లో ఉండేవాడు. ఇంట్లో వీళ్లిద్దరే.

చర్చికి కొత్త కీబోర్డు కొనాలనుకున్నప్పుడు అమలాపురంలో వాయిద్యాలమ్మే నాగసతీష్ రెండు రకాలు ఇంటికి తెచ్చి చూపించాడు. పియానో, వయొలిన్ రెండింట్లోనూ బాగానే పలికాయి. క్లారినెట్ దగ్గరికి వచ్చేసరికి షైనీకి ఏదీ నచ్చలేదు. ఒకటి ఈలలా ఉంది. రెండోది మరీ నున్నగా ఉంది.

"మావయ్యగారూ, ఈ పల్లవి మీరొకసారి వాయిస్తారా? పక్కపక్కన పెట్టి వింటాను" అంది.

ఆయన మొహమాటపడుతూనే పెట్టె తెరిచి వాయించారు. మూడూ ఫోనులో రికార్డు చేసి విన్నారు. మావగారిదే ప్రాణమున్న శబ్దం. కానీ సాగదీసిన ప్రతి స్వరం చివరా సన్నగా గరగర. ఎండు కొబ్బరాకును నేలమీద ఈడ్చినట్టు.

"కీబోర్డుకి ఇంత అందం ఎక్కడొస్తుందండీ. ఆ చివర్న చప్పుడొకటే. మూతి దగ్గర బిగించే పుల్ల, రీడు, పోయినట్టుందండి" అన్నాడు నాగసతీష్.

మర్నాడు కొత్త రీడు పంపించాడు. వేసి వాయించినా గరగర పోలేదు.

"వానాకాలం కదమ్మా, కర్ర ఉబ్బుద్ది" అన్నారు ప్రకాశరావు, వాయిద్యాన్ని తుడిచి పెట్టెలో పెట్టేస్తూ.

షైనీకి మనసు ఒప్పలేదు. తన పెళ్లి వీడియోలో ఆయన వాయించిన భాగం వెతికి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. అదే క్లారినెట్. స్వరాలు చివరిదాకా శుభ్రంగా ఉన్నాయి. ఇయర్‌ఫోన్లు తీసేసింది.

గరగర వినిపిస్తోంది.

వీధి అరుగు మీద ఆయన పేపరు చదువుకుంటున్నారు. చేతిలో క్లారినెట్ లేదు.

షైనీ వెళ్లి పక్కన కూర్చుంది. "ఎప్పట్నించండీ?"

"ఏదమ్మా?"

"మీ గుండెల్లో ఆ చప్పుడు."

ఆయన పేపరు మడిచారు. "ఈస్టరు ముందు నించీ. పడుకుంటే ఎక్కువవుద్ది. అబ్బాయికి చెప్పకమ్మా, అక్కడ కంగారు పడతాడు."

అమలాపురంలో డాక్టరు స్కానింగు చూసి ఆయన్ని బయట కూర్చోమన్నారు. తలుపు మూసుకున్నాక షైనీని అడిగారు.

"వీళ్లబ్బాయి ఎక్కడుంటాడమ్మా?"

"కువైట్‌లోనండి."

"రమ్మనండి. సెలవు దొరికేదాకా ఆగొద్దని చెప్పండి."

"ఆయ్" అంది షైనీ. ఫోను తీసి జయప్రకాష్ నంబరు నొక్కింది.

జయప్రకాష్ వచ్చేసరికి ఆయన దిండ్లకి చేరగిలబడి కూర్చునే నిద్రపోతున్నారు. కాకినాడ తీసుకెళ్లి మందు ఎక్కించారు గానీ ఊపిరితిత్తుల్లో జబ్బు అప్పటికే పాకిపోయింది. చివర్లో కొడుకు చెయ్యి పట్టుకుని కిటికీలోకి చూస్తూ ఉండేవారు. క్రిస్మస్ చూడకుండానే పోయారు.

జయప్రకాష్ మళ్లీ కువైట్ వెళ్లలేదు. కొత్తపేటలో ఏసీలు బాగుచేసే పని చూసుకున్నాడు. దుమ్ముకి అతనికి ఒక్కోసారి దగ్గు వస్తుంది. ఏం లేదంటాడు. షైనీ చేతిలో పని ఆపేసి, ఆ దగ్గు పూర్తయ్యేదాకా వింటుంది.