బంద్ రోజు తొండ దాటిన రోడ్డు

మా జువాలజీ మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడ మిత్రుడు ఫోన్ చేసి, "మేడమ్ ఇగ లేరురా. దవాఖానలనే పోయిండ్రట," అన్నాడు. ఇంటర్‌లో మా ఇద్దరికీ పాఠం చెప్పింది ఆమే.

ఆమెది అనంతపురం వైపు. ఉద్యోగానికొచ్చి నానక్‌రామ్‌గూడలోనే కిరాయికి దిగారు. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక కూడా ఎక్కడికీ వెళ్లలేదు. గొడుగు ఎప్పుడూ చేతిలోనే ఉండేది. ఎంత ఎండైనా తెరిచేవారు కాదు, రాళ్ల సందుల్లో పురుగునో తొండనో చూపించడానికే వాడేవారు.

మా కాలేజీ వెనక ఒక రాళ్లగుట్ట, రోడ్డుకు అవతల ఇంకొకటి. ఐటీ కంపెనీల కోసం ఆ వెడల్పాటి రోడ్డు వేయకముందు రెండూ ఒకటే గుట్ట. జీవపరిణామం పాఠం ఆమె అక్కడే చెప్పారు.

"ఈ తొండలూ ఆ తొండలూ ఒకే కుటుంబమప్పా. ఇప్పుడు రాకపోకలు తెగిపోయినాయి. ఇక్కడ పుట్టిన మార్పు అక్కడికి చేరదు, అక్కడిది ఇక్కడికి రాదు. వేల తరాలు అట్లే గడిస్తే, మళ్లీ కలిసినా జతకట్టలేనంత తేడా వస్తుంది. అప్పుడు అవి రెండు జాతులు." గొడుగుతో రోడ్డు చూపించి, "రోడ్డు వేసేదానికి ఏడాది చాలు. జాతి విడిపోయేదానికి చాలదు," అన్నారు.

ఉద్యమం ఊపందుకున్న రోజులవి. మా క్లాసులో బెంచీలు కూడా ప్రాంతాలవారీగా విడిపోయాయి. ఒకరోజు ఈ నానక్‌రామ్‌గూడ మిత్రుడే లేచి, "మేడమ్, మీరు మేము గూడ గిట్ల వేరే జాతులమేనా? మీరు ఆంధ్రోళ్లు, కాదనే అంటరు తీయుండ్రి," అన్నాడు.

మేడమ్ కోప్పడలేదు. "మీ రాష్ట్రం మీరడిగేది న్యాయమే నాయనా, గట్టిగానే అడుగు. దానికి తొండల్ని సాక్ష్యానికి పిలవొద్దు. మా చెల్లెల్ని వరంగల్‌కే ఇచ్చినాం. దాని బిడ్డ అచ్చం నీ మాదిరే మాట్లాడతాది."

అందరికంటే ముందు నవ్వింది నా మిత్రుడే. ఇప్పుడు అద్దాల మేడలో కూర్చుని కోడ్ రాసుకునే నాకు జీవశాస్త్రంతో పని లేదు. అయినా ఎవరి యాసనో విని వాళ్ల గురించి ఒక మాట అనబోయినప్పుడల్లా ఆ చెల్లెలి బిడ్డ గుర్తొస్తుంది.

ఆ క్లాసైన కొద్ది రోజులకే బంద్. రోడ్డు మీద ఒక్క బండి లేదు. మా ఊరేగింపు ముందు జెండా పట్టుకుని మిత్రుడు, పక్కన నేను. గుట్టల దగ్గరికి వచ్చేసరికి నడిరోడ్డు మీద మేడమ్. మమ్మల్ని చూసి చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం ఆగండప్పా!"

"ఎవరామె? పక్కకు జరగమను!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. మిత్రుడు ఆమె చూస్తున్న వైపు చూశాడు. వెనక్కి తిరిగి, "జర ఆగుండ్రి భాయ్!" అని అరిచాడు. నినాదాలు ఆగిపోయాయి.

ఎర్రటి వీపు, నల్లటి పక్కలున్న మగతొండ ఒకటి అవతలి గుట్ట దిగి తారు మీదికొచ్చింది. కాస్త ఉరికి, ఆగి, మళ్లీ ఉరికి, అంతమంది ముందు నుంచే రోడ్డు దాటి ఇవతలి రాళ్లెక్కింది.

"చూసినారా, రాకపోకలు మొదలైనాయి," అన్నారు మేడమ్, చిన్నపిల్లలా సంబరపడిపోతూ. "ఇంక పొండి నాయనా, మీ పని కానీండి."

నినాదాలు మళ్లీ అందుకున్నాం. ఊరేగింపు ఆమెకు అటూ ఇటూ పాయలుగా చీలి సాగిపోయింది. కొంతదూరం పోయి వెనక్కి చూస్తే, కదిలే జెండాల మధ్య ఆమె కదలకుండా నిలబడి, కొత్త బండమీద తల పైకీ కిందికీ ఆడిస్తున్న ఆ తొండనే చూస్తున్నారు.