ఫెయిల్యూర్లు లేని మేస్త్రి

మా బావ రైల్వేలో సిగ్నల్ మేస్త్రి. సంబంధం కుదిరినప్పుడు ఈ మాట విన్న మా నాన్న, రైలు వస్తే పచ్చజెండా ఊపే ఉద్యోగమనుకుని వీధి వీధంతా అలాగే చెప్పుకొచ్చాడు. "జెండా ఊపేవాళ్ళు వేరే ఉంటారండీ, నేను ఊపను" అని బావ ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు. చివరిదాకా "మా జెండాల అల్లుడు" అనే పిలిచాడు.

నేనూ అదే రైల్వేలో, అదే సిగ్నళ్ళ శాఖలో, జిల్లా ఆఫీసు గుమాస్తాని. అంటే బావ సిగ్నళ్ళను కదిలించేవాడు, నేను వాటి మీద కాగితాలను కదిలించేవాణ్ణి. రెండింట్లో ఏది గొప్ప పనో మా ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. సిగ్నల్ పాతినచోటే ఉండిపోతుంది. కాగితమైతే బల్ల నుంచి బల్లకు ఎక్కుతూ పోతుంది.

బావ పనిచేసే స్టేషన్లో సిగ్నళ్ళు పాతకాలపువి. ప్లాట్‌ఫారం చివర ఒక మేడ కేబిన్, అందులో వరసగా ఇనుప లీవర్లు. కేబిన్లో మనిషి లీవరు లాగితే, పట్టాల పక్కన కప్పీల మీదుగా పోయే తీగ బిగిసి, ఎక్కడో దూరాన స్తంభం మీదున్న చెయ్యి కిందికి వాలుతుంది. చెయ్యి వాలితే రైలు కదలొచ్చు. అడ్డంగా ఉంటే ఆగాలి. సగమే వాలితే డ్రైవరు దాన్ని నమ్మడు, ఆగిపోతాడు. కరెంటు లేదు, మంత్రం లేదు. అంతా ఇనుమూ గ్రీజూ, మనిషి నడుమూ.

ఇరవై రెండేళ్ళ కిందట ఆ స్తంభాలు పాతిన ముఠాలో బావ ఒకడు. గుంటలు తవ్వడం, స్తంభాలు నిలబెట్టడం, తీగలు లాగడం, ఒక లీవరు లాగితే దానికి అడ్డొచ్చే ఇంకో లీవరు కదలకుండా కింద పలకలు అమర్చడం, అన్నీ అతని చేతుల మీదుగానే జరిగాయి. పని ముగించుకుని ముఠా ఇంకోచోటికి వెళ్ళిపోయింది. వీటిని కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలన్నారు. బావ ఉండిపోయాడు. పట్టాల పక్కనే రెండు గదుల క్వార్టర్సు ఇచ్చారు. అక్క కాపురానికి వెళ్ళిన రోజే వంటగది కిటికీలోంచి దూరంగా ఉన్న స్తంభం చూపించి, "అదిగో, అది కాస్త మొండిది. మిగతా ఎనిమిదీ మంచివే" అన్నాడట, ఇంట్లో వాళ్ళను పరిచయం చేస్తున్నట్టు.

"అత్తగారు లేని ఇల్లని సంబరపడ్డాన్రా. తొమ్మిదిమంది ఉన్నారు" అని అక్క నా దగ్గర నవ్వేది.

ఇంతకీ బావ పని ఏమిటంటే, ఎండతో పోట్లాడటం. తీగ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సాగిన తీగను లీవరు ఎంత లాగినా చెయ్యి సగమే వాలుతుంది. ముడుచుకున్న తీగ చేతిని సరిగ్గా పైకి లేవనివ్వదు, అది మరీ ప్రమాదం. అందుకని మిట్టమధ్యాహ్నం, మనం అన్నం తిని నడుం వాల్చే వేళకి, బావ నెత్తిన తువ్వాలు వేసుకుని, పానా భుజాన పెట్టుకుని బయల్దేరేవాడు. ప్రతి స్తంభం మొదట్లోనూ తీగ బిగువు సరిచేసే మర ఒకటి ఉంటుంది. తీగను వేలితో ఒకసారి మీటేవాడు, మరను రెండు చుట్లో మూడు చుట్లో తిప్పేవాడు, ఇంకో స్తంభానికి నడిచేవాడు. చల్లబడ్డాక మళ్ళీ అదే దారిన పోయి తిప్పినన్ని చుట్లూ వదులు చేసి వచ్చేవాడు. ఎన్ని చుట్లని అడిగితే చెప్పలేడు. అది తీగ చెబుతుందట.

ఇలా చేయడం వల్ల ఒక దారుణం జరిగింది. ఆ స్టేషన్లో సిగ్నళ్ళు చెడిపోలేదు.

మా శాఖలో ప్రతి స్టేషనుకీ ఫెయిల్యూర్ల పుస్తకమని ఒకటి ఉంటుంది. ఎప్పుడు ఏది చెడింది, మేస్త్రి ఎంతసేపట్లో వచ్చాడు, ఎంతసేపట్లో బాగుచేశాడు, అన్నీ అందులో రాయాలి. బావ పుస్తకంలో ఆరేళ్ళుగా ఒక్క గీత లేదు. పక్క స్టేషన్ మేస్త్రి పుస్తకం అయితే ఏడాదికి రెండు నిండేవి. ఆయన్ని అందరూ పరుగు మేస్త్రి అంటారు. ఏదైనా చెడేదాకా కుర్చీలోంచి లేవడు. చెడిందని కబురు రాగానే ఎక్కడలేని హడావిడీ చేసి, సైకిలేసుకుని, చెమటలు కక్కుతూ పరుగెత్తుకొస్తాడు. పది నిమిషాల్లో బాగుచేసి, టైము చూసుకుని, పుస్తకంలో గుండ్రని అక్షరాలతో రాస్తాడు. ఆయన ఇంటి గోడ మీద మా ఆఫీసు ఇచ్చిన ప్రశంసాపత్రాలు మూడున్నాయి. మూడూ టైపు చేసింది నేనే.

ఆ ఏడాది అనవసరమైన పోస్టులు ఏరెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా సూపరింటెండెంటు పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. బావ పుస్తకం తిరగేశాడు, బోర్లించాడు, దులిపాడు.

"ఆరేళ్ళుగా ఏమీ చెడని చోట మేస్త్రి ఎందుకయ్యా? అక్కడేం పనుందని?"

"అతను రోజూ చూసుకుంటున్నాడు కాబట్టే చెడలేదండి."

"ఎక్కడ రాసుంది?"

ఎక్కడా లేదు. బావ మిగులు మనిషి అయ్యాడు. పోస్టు రద్దు, మనిషిని ఎక్కడో ఉన్న సామాన్ల గోడౌనుకు పంపి నట్లకూ బోల్టులకూ చీటీలు అంటించే పని ఇవ్వాలి అని చిత్తు సిద్ధమైంది. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళూ తన సిగ్నళ్ళ దగ్గరే గడిపి, అక్కడి నుంచే ఇంటికి వెళ్ళాలన్నది తప్ప ఆ మనిషికి వేరే కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం వెళ్ళి విషయం చెప్పాను. బావ పీట మీద కూర్చుని పానాకు నూనె రాస్తున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

"నేను లేకపోతే మధ్యాహ్నం ఎవరు తిప్పుతారు?" అన్నాడు.

"వాళ్ళకి తిప్పేవాడు అక్కర్లేదు బావా, రాసేవాడు కావాలి."

"అయితే ఓ రెండు ఫెయిల్యూర్లు రాసిపారెయ్యండి, పీడా పోతుంది" అంది అక్క గుమ్మంలోంచి.

"జరగనిది ఎలా రాస్తానే? చెయ్యి వణకదూ?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. వెలక్కుండా ఉండుంటే ఎంత బాగుండేదో! "జరిగిందే రాయి బావా. ఇవాళ తీగ సాగిందా లేదా?"

"సాగింది."

"సాగటం ఫెయిల్యూరే. నువ్వు సరిచేశావు. ఉన్నదున్నట్టు రాయి, అబద్ధం ఎక్కడుంది?"

బావ చాలాసేపు ఆలోచించాడు. వెతికినా అబద్ధం దొరకలేదు. "అదీ నిజమేనోయ్" అన్నాడు. ఆ పూట అక్క నాకు ఇంకో గరిటె ఎక్కువ వడ్డించింది. నేనూ నాకేదో పెద్ద తెలివి ఉన్నట్టే తిన్నాను.

బావ ముక్కుసూటి మనిషని నాకు తెలుసు. అయినా ఇంత సూటిగా పోతాడనుకోలేదు. తొమ్మిది సిగ్నళ్ళు, రోజుకు రెండుసార్లు, ముప్పై రోజులు. "ఎండకు తీగ సాగింది, సరిచేశాను." "చలికి తీగ బిగిసింది, సరిచేశాను." ఇవి కాక రైలు పట్టాలు మారే పాయింట్ల మధ్య రాయి ఇరుక్కుంటే తీసింది ఒకటి, స్తంభం మీద కాకి గూడు పెడితే దించింది ఒకటి. మొత్తం ఐదువందల నలభై రెండు. జిల్లాలో మిగతా స్టేషన్లన్నీ కలిపినా అందులో సగం లేవు.

నెలాఖరున ఆ పుస్తకం చూసి సూపరింటెండెంటు కళ్ళు తేలేశాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆరేళ్ళ మౌనం తర్వాత ఇన్నేసి ఫెయిల్యూర్లా అని పైవాళ్ళు హడలిపోయి ముగ్గురు అధికారులతో కమిటీ వేశారు. కమిటీ వెంటనే ఒక తెలివైన ఉత్తర్వు పంపింది. మేము వచ్చి చూసేదాకా ఎవరూ పరికరాలను ముట్టుకోరాదు, చెడినవి చెడినట్టే మాకు కనబడాలి అని.

బావ ఉత్తర్వు చదివి తల పట్టుకున్నాడు. "ముట్టుకోకపోతేనే కదోయ్ చెడేది" అన్నాడు. కానీ ఉత్తర్వు ఉత్తర్వే. పానా అటక మీద పెట్టేశాడు. రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని తొమ్మిదింటినీ చూస్తూనే ఉన్నాడట.

కమిటీ మిట్టమధ్యాహ్నం వచ్చింది. వాళ్ళ పెట్టె తగిలించిన రైలు స్టేషనుకు అర మైలు ఇవతలే ఆగిపోయింది, ఎందుకంటే సిగ్నల్ చెయ్యి సగమే వాలి ఉంది. లోపలికి రావచ్చని స్టేషన్లో కాగితం రాసి, మనిషితో డ్రైవరుకు పంపి, రైలును లోపలికి తెచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ముగ్గురు అధికారులూ చెమటతో స్నానం చేసి దిగారు. బావను పిలిచి అడిగారు. "ఎండకు తీగ సాగుతుందండి. రోజూ మధ్యాహ్నం బిగిస్తానండి. మీరు వద్దన్నారని బిగించలేదండి" అని చెప్పి ఊరుకున్నాడు. కమిటీ దాన్నే ఇరవై పేజీల్లో రాసింది, చివరి వాక్యం ఒక్కటి మాత్రం వదిలేసి.

తేల్చింది ఏమిటంటే, ఇన్ని ఫెయిల్యూర్లున్న చోట మేస్త్రి పోస్టు అత్యవసరం, ఎట్టి పరిస్థితిలోనూ రద్దు చేయకూడదు. అంత కష్టమైన చోట సమర్థుడు ఉండాలి కాబట్టి పరుగు మేస్త్రిని అక్కడికి వెయ్యాలి. ఒక్క నెలలో ఐదువందల నలభై రెండు ఫెయిల్యూర్లకు కారణమైన ప్రస్తుత మేస్త్రిని గోడౌనుకు పంపాలి.

ఆ ఆర్డరు కూడా నేనే టైపు చేశాను. నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. బావ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

"పోస్టు నిలబెట్టావోయ్ బామ్మర్దీ" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే కాస్త ఊరట పడ్డాడు, సిగ్నళ్ళకు మనిషంటూ ఒకడున్నాడని. వెటకారమైనా బాగుండేది, నేను అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

సామాను సర్దించి గోడౌను ఊళ్ళో దింపి రావడానికి వాళ్ళతో నేనూ బయల్దేరాను. మధ్యాహ్నం రైలు. ప్లాట్‌ఫారం వదిలి కాస్త దూరం పోయి ఆగింది. స్టేషన్ దాటించే చివరి సిగ్నల్, చెయ్యి సగం వాలి వేలాడుతోంది. డ్రైవరు కూత మీద కూత వేశాడు. పెట్టెలో ఉక్కకు చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. బావ లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"ఏమండీ, కూర్చోండి. ఇప్పుడది మనది కాదు" అంది అక్క.

"తెలుసు" అన్నాడు, అని దిగిపోయాడు. నేనూ వెనకే దిగాను.

ఇంజన్ దగ్గర డ్రైవరు బావను గుర్తుపట్టి, "మేస్త్రీ, మీరా! ఈ మధ్య ఏంటి ఇలా వేలాడుతోంది?" అంటూ పానా అందించాడు. బావ ఇస్త్రీ చొక్కాతో వంగి, వేలితో తీగను మీటి, మరను మూడు చుట్లు తిప్పాడు. పైన చెయ్యి టక్కున పూర్తిగా వాలింది. డ్రైవరు కూత వేసి రమ్మన్నాడు. బావ మాత్రం తీగ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. రెక్క పట్టుకుని నేనే రైలెక్కించాల్సి వచ్చింది.

రెండు నెలలు తిరక్కుండా నా బల్ల మీదకు రెండు ఫైళ్ళు వచ్చాయి. మొదటిది పరుగు మేస్త్రి ఫిర్యాదు. తాను ఆరు నిమిషాల్లో హాజరయ్యేసరికే, సంబంధం లేని వ్యక్తి ఎవరో రైలు దిగి సిగ్నల్ పరికరాన్ని ముట్టుకున్నట్టు తెలిసిందట. ఆ వ్యక్తి ఎవరో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. సంజాయిషీ అడుగుతూ ఉత్తరం నేనే టైపు చేశాను. నేనూ ఆ రైల్లోనే ఉన్నానని సూపరింటెండెంటుకు చెప్పలేదు. భయమేసింది, అంతే. దానికి ఇంతకంటే మర్యాదైన పేరు లేదు.

బావ సంజాయిషీ ఒక్క ముక్క. "ఎండకు తీగ సాగింది, సరిచేశాను."

"సంతృప్తికరంగా లేదు అని కొట్టు" అన్నాడు సూపరింటెండెంటు. కొట్టాను. ఒక ఇంక్రిమెంటు ఆగిపోయింది.

రెండో ఫైలు పరుగు మేస్త్రిదే. కొత్తచోట మొదటి నెలలో ఎనభై ఏడు ఫెయిల్యూర్లు, ఒక్కొక్కటీ పది నిమిషాల లోపల బాగుచేశాడు. నాలుగో ప్రశంసాపత్రం.

అది టైపు చేస్తుండగానే గోడౌను నుంచి ఫోను వచ్చింది. బావే. ఇంక్రిమెంటు సంగతి ఎత్తలేదు. నా ఒంట్లో ఎలా ఉందని అడిగాడు, అక్కకు అక్కడి నీళ్ళు పడటం లేదన్నాడు.

"ఏమోయ్, కొత్తాయన మధ్యాహ్నం పూట వెళ్తున్నాడా? తీగలు చూస్తున్నాడా?"

ఎనభై ఏడు ఫెయిల్యూర్ల జాబితా నా ఎదురుగానే ఉంది. ప్రశంసాపత్రం మిషన్లో సగం దాకా ఎక్కి ఉంది.

"వెళ్తున్నాడు బావా. రోజూ వెళ్తున్నాడు" అన్నాను.

"అయితే సరే" అని ఫోను పెట్టేశాడు.